నర్సుల పనితీరు, వృత్తి సంతృప్తి: ఏలూరు, ఉండి, కొల్లేరు ప్రాంతం

నర్సు తన బాధ్యతలను ఎంత సమర్థంగా, ఎంత సురక్షితంగా, ఎంత ఆదరంగా నిర్వర్తిస్తున్నదో చెప్పే కొలతను పనితీరు అనీ, తన ఉద్యోగం పట్ల ఆమెకు గల అనుకూల, ప్రతికూల భావాల మొత్తాన్ని వృత్తి సంతృప్తి అనీ వ్యవహరిస్తారు. ఈ రెండూ జోడుగా నడుస్తాయని సాధారణంగా భావిస్తారు గాని వాటి పొత్తు అనుకున్నంత గట్టిది కాదు. 2001లో టిమోతీ జడ్జ్, ఆయన సహచరులు రకరకాల వృత్తులపై అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు వాటి సహసంబంధం 0.30 దగ్గర తేలింది. రెండు విషయాలు ఎంతమేరకు కలిసి పెరుగుతాయో చెప్పే సంఖ్యే సహసంబంధం; అది 1 అయితే సంపూర్ణమైన పొత్తు, 0 అయితే ఏ పొత్తూ లేదు. కాబట్టి అసంతృప్తితో ఉంటూనే చక్కగా పనిచేసేవారు, తృప్తిగా ఉంటూ అరకొరగా పనిచేసేవారు ఏ ఆసుపత్రిలోనైనా కనిపిస్తారు. పనిభారం, డ్యూటీల అమరిక, ఉద్యోగ భద్రత వంటి పరిస్థితులు మాత్రం ఈ రెండింటినీ ఒకేసారి తాకుతాయి. అందువల్ల ఒకదానికి మరొకటి కారణమా అన్న చర్చ కంటే రెండింటి వెనుకా ఉన్న ఈ ఉమ్మడి కారణాల పరిశీలనే ఎక్కువ ప్రయోజనకరం.

పనితీరును కొలవడం సంతృప్తిని కొలవడం కంటే కష్టం. పట్రీషియా ష్విరియన్ 1978లో రూపొందించిన కొలమానం నర్సు పనిని నాయకత్వం, విషమస్థితి రోగి సంరక్షణ, బోధన, ప్రణాళిక, మాటమంచి, వృత్తి వికాసం అనే 6 పార్శ్వాలుగా చూస్తుంది. ప్రభుత్వ సమీక్షా సమావేశాల్లో అడిగే లెక్కలు వేరు: ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు, ఎంతమందికి బీపీ, షుగరు పరీక్షలు అన్నవే అక్కడ ప్రధానం. లెక్కకు అందేది పనితీరుగా నమోదవుతుంది. భయపడుతున్న తొలిచూలు గర్భిణి పక్కన పది నిమిషాలు కూర్చోవడం ఏ రిజిస్టరులోనూ కనబడదు.

ప్రాంతం, కొలువులు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఉండి, ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో నిలవగా, ఏలూరు, కైకలూరు, మండవల్లి, భీమడోలు, కొల్లేరు సరస్సులో అధిక భాగం ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ఇక్కడి నర్సులు ఒకే రకమైన కొలువులో లేరు. ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (వాడుకలో పీహెచ్‌సీలు), వాటి కింది గ్రామ ఆరోగ్య కేంద్రాలు ప్రభుత్వ పక్షాన ఉన్నాయి. ఏలూరులోని ఆశ్రం వంటి బోధనాసుపత్రి మొదలు భీమవరం, తాడేపల్లిగూడెం వీధుల్లోని చిన్న నర్సింగ్ హోముల వరకు ప్రైవేటు పక్షాన ఉన్నాయి. ప్రభుత్వంలో కూడా బోధనాసుపత్రులు, ఏరియా ఆసుపత్రులు, పీహెచ్‌సీలు చాలాకాలంగా వేర్వేరు విభాగాల అజమాయిషీలో నడుస్తూ వచ్చాయి. వాటన్నిటిలోనూ రెగ్యులరు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ అనే 3 తరగతుల ఉద్యోగులు ఉంటారు. ఒకే వార్డులో ఒకే పని చేసే ఇద్దరు సిస్టర్లకు జీతం, సెలవు, పింఛను వేరువేరుగా ఉండటం ఈ ఏర్పాటు ఫలితం.

వ్యక్తిగత కారణాలు

వయసు, చదువు, అనుభవం, కుటుంబ స్థితి, ఆత్మవిశ్వాసం, వృత్తిని ఎంచుకున్న కారణం అనేవి వ్యక్తిగత కారణాలు. చదువులో 2 ఏళ్ల ఏఎన్ఎం, 3 ఏళ్ల జీఎన్ఎం, 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్ అనే మెట్లున్నాయి. పై చదువు పనితీరుకు మేలు చేస్తుంది గాని సంతృప్తిని తప్పక పెంచదు. డిగ్రీ చదివినవారికి ఆ చదువుకు తగిన బాధ్యత దొరకకపోతే అసంతృప్తే పెరుగుతుంది. అనుభవం విషయంలో పట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన పరిశీలన ప్రసిద్ధం. కొత్తగా చేరిన నర్సు నియమాలను పట్టుకుని నడుస్తుందనీ, 5 దశల్లో చివరిదానికి చేరి నిపుణురాలైన తర్వాత రోగి ముఖం చూసి, ఊపిరి తీరు చూసి ముప్పును ముందే పసిగడుతుందనీ ఆమె వివరించారు. అయితే ఈ నైపుణ్యం ఒక రంగానికి సంబంధించినది. పదేళ్లు కాన్పుల గదిలో పనిచేసిన సిస్టరును ఒక్క ఉత్తర్వుతో నవజాత శిశువుల విభాగానికో, ఆపరేషన్ థియేటరుకో మారిస్తే ఆమె మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడుతుంది. ఆమె వ్యక్తిగత సంపదను సంస్థే వృథా చేసినట్లవుతుంది.

సామాజిక నేపథ్యాన్ని కూడా విస్మరించరాదు. రక్తాన్ని, మలమూత్రాలను ముట్టుకునే పని, రాత్రిపూట పరపురుషుల మధ్య చేసే పని అన్న చిన్నచూపు కారణంగా అగ్రవర్ణ కుటుంబాలు దీర్ఘకాలం తమ ఆడపిల్లలను ఈ వృత్తికి పంపలేదు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటి లూథరన్ మిషనరీ వైద్యుల ఆసుపత్రులు కోస్తాలో క్రైస్తవ కుటుంబాల స్త్రీలకు, ముఖ్యంగా దళిత క్రైస్తవ స్త్రీలకు, చదువుతో కూడిన జీతపు ఉద్యోగానికి దారి వేశాయి. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో 43,000 మందికి ఒక నర్సు మాత్రమే ఉండటానికి ఈ చిన్నచూపు కూడా ఒక కారణం. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో అన్ని కులాల పిల్లలూ నర్సింగ్ కళాశాలల్లో చేరుతున్నారు, అబ్బాయిలూ చేరుతున్నారు. అయినా నర్సును ‘సిస్టర్’ అని గౌరవంగా పిలుస్తూనే ఇంటి పనిమనిషికి చెప్పినట్లు పని చెప్పే ధోరణి పూర్తిగా పోలేదు. సమాజం ఇచ్చే విలువకు, వృత్తి సంతృప్తికి మధ్య సంబంధం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కుటుంబ బాధ్యత మరొకటి. నర్సుల్లో అత్యధికులు స్త్రీలు కాబట్టి ఆసుపత్రి డ్యూటీకి ముందూ వెనుకా ఇంటి డ్యూటీ ఉంటుంది. ఏలూరులో కాపురం ఉంటూ తాడేపల్లిగూడెంలో, భీమవరంలో ఉంటూ ఆకివీడు వైపు పనిచేసేవారికి బస్సు వేళలు, రైలు వేళలు కూడా ఉద్యోగ పరిస్థితుల్లో భాగమే. బదిలీల కౌన్సెలింగులో భార్యాభర్తల కేటగిరీకి అంత గిరాకీ ఉండటం దీనివల్లే.

సేవాభావం, ఓర్పు అనే గుణాల గురించి మే 12న, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజున, ఏటా వేదికల మీద చాలా చెబుతారు. ఆ గుణాల విలువను కాదనవలసిన పని లేదు గాని వాటికి అతిగా ప్రాధాన్యమిస్తే పనిచేసే చోటు లోపాలు నర్సు స్వభావం ఖాతాలో పడిపోతాయి. లోపల విసుగు, దుఃఖం ఉన్నా ముఖంలో శాంతం నిలుపుకోవలసిన శ్రమను సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమగా గుర్తించారు. ఓర్పు కూడా ఒక శ్రమే. దానికీ విశ్రాంతి కావాలి.

పనిచేసే చోటు

పనితీరును, సంతృప్తిని రెండింటినీ బలంగా శాసించేది నర్సుకు, రోగులకు మధ్య నిష్పత్తి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికి ఒకరు ఉండాలనీ, సెలవుల్లో వెళ్లేవారి లోటు పూడ్చడానికి అదనంగా 30 శాతం సిబ్బంది ఉండాలనీ భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఈ 30 శాతం మాట చాలాచోట్ల మరుగున పడింది. మంజూరైన పోస్టులన్నీ నిండినా, ప్రసూతి సెలవులు, శిక్షణలు, డిప్యుటేషన్లు పోగా వార్డులో మిగిలేవారు తక్కువ. నిష్పత్తి ప్రాణాలకు సంబంధించినదని 2002లో లిండా ఏకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై జరిపిన పరిశోధన నిరూపించింది. నర్సుకు అదనంగా చేరే ఒక్కొక్క శస్త్రచికిత్స రోగితో రోగి 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్‌కు లోనయ్యే అవకాశం 23 శాతం, ఉద్యోగంపై అసంతృప్తి 15 శాతం చొప్పున పెరిగినట్లు అందులో తేలింది. బర్నౌట్ అంటే మామూలు అలసట కాదు; మనసు వట్టిపోవడం, రోగిని మనిషిగా కాక కేసుగా చూడటం, తన పనికి విలువ లేదనిపించడం అనే మూడు లక్షణాల కలయిక అని క్రిస్టినా మాస్లాక్ 1981 నాటి కొలమానం చెబుతుంది.

సిబ్బంది చాలనప్పుడు ఏ పని ముందు ఆగిపోతుంది? బియాట్రిస్ కాలిష్ 2006లో ‘తప్పిపోయిన సంరక్షణ’ను వర్ణించారు. ఇంజక్షన్లు, డాక్టరు రాసిన ఆదేశాలు ఎలాగో నడుస్తాయి. రోగిని పక్కకు తిప్పడం, నడిపించడం, వేళకు తినిపించడం, ఒళ్లు తుడవడం, ఇంటికి వెళ్లేటప్పుడు జాగ్రత్తలు చెప్పడం, ధైర్యం చెప్పడం వదిలిపోతాయి. తెలుగు జిల్లాల ఆసుపత్రుల్లో ఈ లోటు కంటికి కనిపించకపోవడానికి కారణం రోగి వెంట వచ్చే బంధువు. మంచం కింద చాప పరుచుకుని పడుకున్న తల్లి, భార్య, కోడలు అన్నం తినిపిస్తారు, యూరిన్ బ్యాగు నిండిందని చెబుతారు, సెలైన్ సీసా అయిపోవస్తే పరుగున వెళ్లి సిస్టరును పిలుస్తారు. జీతం లేని ఈ చాకిరీయే ఆసుపత్రిని నిలబెడుతున్నది. కరోనా కాలంలో బంధువులను లోపలికి రానీయనప్పుడు ఆ బరువంతా పీపీఈ కిట్లలో ఉన్న నర్సుల మీద, ఆయాల మీద పడింది. కొరత ఎంత పెద్దదో అప్పుడు గాని బయటపడలేదు.

పని పంచే పద్ధతి కూడా ముఖ్యమే. ఒక సిస్టరు వార్డంతటికీ ఇంజక్షన్లు, మరొకరు డ్రెస్సింగులు, ఇంకొకరు రికార్డులు చూడటం చాలా వార్డుల్లో రివాజు. ఇసబెల్ మెంజీస్ లండన్ బోధనాసుపత్రిలో జరిపి 1960 ప్రాంతంలో వెలువరించిన అధ్యయనం ఇలాంటి పద్ధతిని లోతుగా పరిశీలించింది. బాధ, మరణం దగ్గరగా చూడటంలోని ఆందోళన నుంచి నర్సును కాపాడటానికే పనిని ముక్కలు చేస్తారని, కాని ఒక రోగి కోలుకోవడాన్ని మొదటి నుంచి చివరి వరకు చూసే తృప్తి కూడా దాంతో పాటే పోతుందని ఆమె తేల్చారు. సిబ్బంది తక్కువైన చోట ఈ పద్ధతి తప్పకపోవచ్చు. దాని ఖరీదు మాత్రం తక్కువది కాదు.

తెలుగు జిల్లాల అనేక ప్రభుత్వ ఆసుపత్రుల్లో డ్యూటీలు ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మరునాటి ఉదయం 8 వరకు ఉంటాయి. పగటి డ్యూటీ 6 గంటలైతే రాత్రిది 12 గంటలు. రాత్రి పనివల్ల శరీర గడియారం తలకిందులవుతుంది. క్యాన్సరుపై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ 2007లో రాత్రి షిఫ్టులను క్యాన్సరుకు కారణం కాగల అంశాల్లో చేర్చి 2019లో దాన్ని మళ్లీ ధ్రువీకరించింది. డ్యూటీ మారే అరగంట మరింత కీలకం. వెళ్లే సిస్టరు కేస్ షీట్లు పట్టుకుని మంచం మంచానికీ నడుస్తూ, ఎవరికి ఏ యాంటీబయాటిక్ డోసు మిగిలింది, ఏ సెలైన్ ఎప్పటికి అయిపోతుంది, ఎవరి క్యాన్యులా వాచింది, ఎమర్జెన్సీ ట్రేలో ఏ ఇంజక్షన్లు తగ్గాయి, ఆక్సిజన్ సిలిండరు ఎంత ఉంది అన్నవి వచ్చే సిస్టరుకు అప్పజెప్పాలి. చివరి బస్సు అందుకోవలసిన కంగారులో ఇది మంచాల దగ్గర కాక బల్ల దగ్గరే ముగిసిపోతే పొరపాటుకు అక్కడే బీజం పడుతుంది. బస్సు వేళకు, రోగి భద్రతకు సంబంధం ఉంటుందని రోస్టరు వేసేవారు గుర్తించడం అరుదు.

పనిలో ఒత్తిడి ఎంత ఉన్నా నిర్ణయాధికారం ఉంటే మనిషి తట్టుకుంటాడని, ఒత్తిడి ఎక్కువై అధికారం తక్కువైనప్పుడే కుంగిపోతాడని రాబర్ట్ కారసెక్ 1979లో సిద్ధాంతీకరించారు. నర్సు స్థితి సరిగ్గా ఈ రెండో కోవకు చెందుతుంది: రోగి పక్కన 24 గంటలూ ఉండేది ఆమె, నిర్ణయం మరొకరిది, ఫలితం చెడితే రోగి బంధువుల కోపం ముందు తగిలేది ఆమెకే. వైద్య సిబ్బందిపై దాడులను శిక్షార్హం చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది గాని రాత్రిపూట వార్డులో ఆమెకు తోడుండేది ఆ చట్టం కాదు, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డే. దీనికి భిన్నమైన దారిని తెలంగాణ చూపింది. 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలై, సాధారణ కాన్పులను స్వతంత్రంగా నిర్వహించే నర్సులు తయారయ్యారు. మరుసటి ఏడాదే కేంద్రం దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ప్రకటించింది. శస్త్రచికిత్స కాన్పులు మితిమీరిన గోదావరి జిల్లాలకు ఇలాంటి నర్సుల అవసరం ఎక్కువ.

లంక గ్రామాల్లో

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పనిచేసే గ్రామ నర్సుల, అంటే ఏఎన్ఎంల, కష్టం వార్డు నర్సుల కష్టానికి భిన్నం. బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చి పోస్తే ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి జారే ఈ సరస్సులో వానాకాలం నీటిమట్టం పెరిగినప్పుడు లంక గ్రామాలకు దారులు మునుగుతాయి. చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీరొచ్చి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోవడం 2024 సెప్టెంబరు వరదల్లోనూ కనిపించింది. రాష్ట్రంలో టీకాల రోజులు బుధ, శనివారాలు. పొద్దున్నే పీహెచ్‌సీలో వ్యాక్సిన్ క్యారియరు తీసుకుని, అందులో 4 ఐస్ ప్యాకులు సర్ది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనం నిలిచేలా చేపల చెరువుల గట్ల మీదుగా ఊరు చేరాలి. బీసీజీ, మీజిల్స్-రుబెల్లా టీకా సీసా కలిపాక 4 గంటల్లోగా వాడాలి, మిగిలితే పారేయాలి. అయినా ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాల్సిందే. చెరువు కాపలాకు వచ్చి గట్టు మీద గుడిసెలో ఉండే వలస కుటుంబాల పిల్లలు ఏ ఊరి లెక్కలోకీ రారు, వారిని వెతికి పట్టుకోవడం పూర్తిగా ఏఎన్ఎం చొరవ మీద ఆధారపడుతుంది. పనితీరులో వ్యక్తిగత గుణం పాత్ర కళ్లకు కట్టినట్లు కనిపించేది ఇక్కడే.

మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన, దుర్గమ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం అన్నది జాతీయ ప్రమాణం. మ్యాపు మీద కొల్లేరు మైదానమే. వరద నెలల్లో మాత్రం కాదు. దీనికి తోడు 2016లో వివరాలు నమోదు చేసే అన్మోల్ ట్యాబ్ మొదలు యాప్‌ల సంఖ్య పెరిగింది, ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. సిగ్నలు లేని గట్టు మీద హాజరు పడకపోవడం, సాయంత్రం ఇంటికి వచ్చి అదే వివరాలు రిజిస్టరులోనూ యాప్‌లోనూ రెండుసార్లు ఎక్కించడం వృత్తి పట్ల విరక్తిని పెంచుతాయి. సాంకేతికత సౌకర్యమే గాని, పాత రిజిస్టరు తీసేయకుండా కొత్త యాప్ ఇవ్వడం సౌకర్యం కాదు.

జీతం, భద్రత, వలస

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం జీతం, భద్రత, పని పరిస్థితులు లోపిస్తే అసంతృప్తి పుడుతుంది. అవి ఉన్నంత మాత్రాన సంతృప్తి రాదు, దానికి గుర్తింపు, ఎదుగుదల, పనిలో సార్థకత కావాలి. కాంట్రాక్టు ఉద్యోగాల లోకంలో ఈ విభజన సరిగా నిలవదు. అక్కడ రెగ్యులరు ఉత్తర్వే గుర్తింపు, ఇంక్రిమెంటే ఎదుగుదల. గ్రామ కేంద్రాల్లో పనిచేసే బీఎస్సీ నర్సులు, అంటే ఎంఎల్‌హెచ్‌పీలు, 2025లో సమ్మెకు దిగినప్పుడు ముందుకొచ్చిన డిమాండ్లు ఇవే. ప్రైవేటు రంగంలో పరిస్థితి మరింత బలహీనం. 2016 జనవరి నాటి సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కేంద్ర కమిటీ, 200 పడకలు మించిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమాన వేతనం, 100 నుంచి 200 పడకలుంటే అంతకు 10 శాతం లోపు తగ్గింపు, 50 నుంచి 100 ఉంటే 25 శాతం లోపు తగ్గింపు, 50 లోపు పడకలున్న చోట కనీసం 20,000 రూపాయలు ఉండాలని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. చిన్న నర్సింగ్ హోముల్లో కొత్తగా చేరిన నర్సుకు ఇది నేటికీ అందని లెక్కే.

ఫలితం వలస. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కొరత. గల్ఫ్, బ్రిటన్, జర్మనీ ఆ కొరతను జీతంతో పూడ్చుకుంటున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పి పంపుతున్నది. వెళ్లేవారిని తప్పుపట్టవలసిన పని లేదు. ఇక్కడ రెండు మూడేళ్ల అనుభవం సంపాదించి, పని చేతికి పట్టుబడే దశలోనే వెళ్లిపోతుండటం మాత్రం వార్డులకు నష్టం.

2020 డిసెంబరు

పైన చెప్పిన కారణాలన్నీ ఒక్కసారి ముడిపడిన సందర్భం ఏలూరు వింత వ్యాధి. 2020 డిసెంబరు 5 నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో మొదలై, ఉన్నట్టుండి మూర్ఛ, నోట నురగ, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఒకరు మరణించారు. అత్యధికులు త్వరగానే కోలుకున్నారు. కొందరిని విజయవాడ, గుంటూరు తరలించారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, తర్వాతి పరిశీలనలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. ఆ మొదటి రోజుల్లో కారణం ఎవరికీ తెలియదు, అంటురోగమో కాదో తెలియదు, పైగా కరోనా సంవత్సరం. చేయవలసిన పని, దాని హద్దులు స్పష్టంగా లేకపోవడాన్ని నిర్వహణ శాస్త్రం పాత్ర అస్పష్టత అంటుంది, అది సంతృప్తిని దెబ్బతీసే బలమైన కారణాల్లో ఒకటి. అయితే ఇలాంటి సంక్షోభంలో నర్సుల పనితీరు కుంగకపోవచ్చు, పెరగవచ్చు కూడా. మూర్ఛ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి, ఊపిరి ఆడేలా చూసి, పడిపోకుండా కాచుకోవడానికి రోగ కారణం తెలియనక్కరలేదు, శిక్షణ చాలు. దెబ్బ తర్వాత తగులుతుంది. హడావిడి తగ్గాక వారాంతపు సెలవు, మాట్లాడే మనిషి, ఒక మెచ్చుకోలు ఉత్తర్వు దక్కాయా లేదా అన్నదాన్ని బట్టి ఆ అనుభవం గర్వంగానో గాయంగానో మిగులుతుంది.

ఆ రోగులు చేరిన ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో, బోధనాసుపత్రి అయింది. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం దానికి ఇక వర్తించే కొలత ఐదుగురు రోగులకు ఒక నర్సు కాదు, ముగ్గురికి ఒకరు, ఆపైన సెలవుల నిమిత్తం 30 శాతం అదనం.